ఐదుగురు యజమానుల ఎనిమోన్

ఉప్పునీటి తొట్టెలో సీ ఎనిమోన్‌ను ఏళ్ల తరబడి ఆరోగ్యంగా నిలబెట్టడం ఆధునిక పరికరాలు వచ్చిన తరువాతనే సాధ్యమైందన్న అభిప్రాయం ఈ అభిరుచి గలవారిలో బలంగా ఉంది. కాని లిఖిత ఆధారాలను బట్టి చూస్తే, ఈ జీవిని మనుషులు తమ ఇళ్లలో అత్యంత దీర్ఘకాలం పోషించిన ఉదంతాలు విద్యుత్తు, పంపు, వడపోత యంత్రం ఏవీ లేని రోజుల్లోనే మొదలయ్యాయి. వాటిలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో 1828లో ఆరంభమై 1887 ఆగస్టులో ముగిసింది. ఆ యాభై తొమ్మిదేళ్లలో ఒకే ఒక ఎనిమోన్ ఒక చిన్న గాజు జాడీలో ఉంటూ ఐదుగురు సంరక్షకుల చేతులు మారింది. వారిలో నలుగురు దానికంటె ముందే మరణించారు. ఈ పెంపకం చరిత్రను దీపాల, పంపుల చరిత్రగా రాయడం తేలికే గాని, నీటిని శుభ్రంగా, మార్పు లేకుండా ఉంచే నిత్యశ్రమను ఏ కాలంలో ఎవరికి అప్పగించారు అన్న కోణం నుంచి చూస్తే అందులోని జయాపజయాలకు కారణాలు మరింత స్పష్టంగా తెలుస్తాయి.

సీ ఎనిమోన్ చూపులకు పువ్వు, స్వభావానికి వేటాడే జంతువు. పగడాలు, జెల్లీ చేపలు, మంచినీటి హైడ్రా చేరిన నిడేరియా అనే వర్గానికే ఇదీ చెందుతుంది. కండగల స్తంభం వంటి దేహం, రాతిని గట్టిగా కరుచుకునే పాదపు బిళ్ల, పైభాగాన నోరు, ఆ నోటి చుట్టూ వలయాలుగా స్పర్శకాలు, అంటే ఎరను తాకి పట్టుకునే మెత్తని వేళ్ల వంటి అవయవాలు దీనికి ఉంటాయి. స్పర్శకాల మీద ఉండే దంశకణాలు తాకిన జీవిలోకి విషపు దారాలను చిమ్ముతాయి. ఆహారం లోపలికి పోయేదీ, మిగిలిన వ్యర్థం వెలుపలికి వచ్చేదీ ఒక్క నోటి ద్వారానే. మెదడు, రక్తం, మొప్పలు, మూత్రపిండాలు వంటివేవీ దీనికి లేవు. ప్రాణవాయువును గ్రహించడం, మలినాలను వదలడం దేహపు పలుచని పొరల గుండా నేరుగా చుట్టూ ఉన్న నీటితోనే జరిగిపోతాయి. అందువల్ల నీరు చెడినప్పుడు చేపకు ఉండే కొద్దిపాటి రక్షణ కూడా ఎనిమోన్‌కు ఉండదు. అదే సమయంలో, ఆ నీరు చెడకుండా ఉన్నంత కాలం దీనికి వార్ధక్యం అనేది కనిపించదన్న సంగతి కూడా ఎడిన్‌బరో జాడీ వల్లనే మొదట లోకానికి తెలిసింది.

ఆ జాడీకి తొలి యజమాని సర్ జాన్ గ్రాహమ్ డాలియెల్. న్యాయవాద విద్య చదివి, స్కాట్లండ్ ప్రాచీన చరిత్ర మీద గ్రంథాలు ప్రకటించిన ఆయన, సముద్రపు అల్పజీవులను చంపి సారాయిలో నిలవ ఉంచకుండా సజీవంగానే ఏళ్ల తరబడి పరిశీలించడాన్ని తన పద్ధతిగా చేసుకున్నారు. 1828లో నగరానికి తూర్పున ఉన్న నార్త్ బెరిక్ తీరంలో రాళ్ల నుంచి ఆయన సేకరించిన జీవుల్లో ఒక ఎర్రని ఎనిమోన్ ఉంది. నేడు శాస్త్రజ్ఞులు ఆక్టీనియా ఈక్వినా అని పిలిచే ఈ జాతి బ్రిటన్ తీరాలంతటా సాధారణమే. నీరు తీసినప్పుడు స్పర్శకాలను లోపలికి ముడుచుకొని, మిఠాయి దుకాణంలోని ఎర్ర జెల్లీ ముద్దలా రాతికి అంటుకొని కనిపిస్తుంది. సేకరించేనాటికే దాని వయసు ఏడేళ్లు ఉండవచ్చునని డాలియెల్ అంచనా వేశారు. తరువాతి కాలంలో ఎడిన్‌బరో వాసులు దానికి ప్రేమతో పెట్టిన పేరు 'గ్రానీ', అంటే అమ్మమ్మ.

డాలియెల్ పద్ధతిలో రహస్యమేమీ లేదు. చిన్న గాజు పాత్ర, అందులో ఒక్క జీవి, మితమైన తిండి, తరచుగా కొత్త సముద్రపు నీరు: ఇంతే. ఆ కొత్త నీటిని తెచ్చినది మాత్రం ఆయన కాదు. వారానికి కనీసం మూడుసార్లు తీరానికి వెళ్లి, మూడు నాలుగు గ్యాలన్ల నీటిని, అంటే ఇంచుమించు 14 నుంచి 18 లీటర్ల నీటిని, జాడీతో మోసుకొచ్చేందుకు ఆయన ఒక కూలీని నియమించుకున్నారు. ఆ కూలీ పేరు చరిత్రకు ఎక్కలేదు. నేటి పరిభాషలో చెప్పాలంటే గ్రానీకి ఉన్న వడపోత యంత్రం ఆ మనిషే. పాత నీటితోపాటు అందులో చేరిన విషపదార్థాలన్నీ ప్రతిసారీ పూర్తిగా తొలగిపోయేవి గనుక, వాటిని విరిచే సూక్ష్మజీవుల అవసరమే ఆ జాడీలో తలెత్తలేదు. డాలియెల్ తరువాత కూడా ఇదే క్రమం సాగింది. పదిహేను రోజులకొకసారి సగం మసెల్ మాంసం, అంటే తీరపు రాళ్లకు గుంపులుగా పట్టుకొని పెరిగే నల్లని ఆల్చిప్పలోని కండ, దానికి ఆహారంగా ఇచ్చేవారు. నేటి తొట్టెల యజమానుల్లో చాలామందికి ఈ తిండి అన్యాయమనిపించేటంత తక్కువ. కాని ఎనిమోన్ ఆకలితో కంటె ఎక్కువ తిండి వల్ల, సరిగా చెప్పాలంటే ఆ తిండి కుళ్లడం వల్ల, త్వరగా చస్తుందన్న విషయాన్ని ఆ సగం ఆల్చిప్పే చెబుతోంది.

గ్రానీ ఒంటరిగానే సంతానవతి అయింది. ఈ జాతి ఎనిమోన్ తన దేహపు కుహరంలోనే పిల్లలను పెంచి, స్పర్శకాలతో సహా పూర్తిగా ఏర్పడిన చిన్న ఎనిమోన్లను నోటి ద్వారా బయటికి వదులుతుంది. జోడు లేకుండానే, తన నకళ్లుగానే, వీటిని పుట్టించగల శక్తి దానికి ఉందని నేటి పరిశోధకులు భావిస్తున్నారు. డాలియెల్ ఇంట ఉన్న కాలంలోనే దానికి మూడు వందలకు పైగా పిల్లలు పుట్టినట్లు లెక్క రాసుకున్నారు. ఆయన 1851లో మరణించగా ఆ జాడీ ఎడిన్‌బరో న్యూ కాలేజీలో ప్రకృతిశాస్త్రం బోధించిన జాన్ ఫ్లెమింగ్ చేతికి వచ్చింది. చాలా ఏళ్లు నిస్సంతుగా ఉండిపోయిన ఆ ఎనిమోన్ 1857 వసంతంలో ఒకేసారి 240 పిల్లలను కన్నది. అదే ఏడాది చివర ఫ్లెమింగ్ కూడా కన్నుమూశారు. ఆపైన నౌకాదళ వైద్యుడు జేమ్స్ మెక్‌బెయిన్ దానిని రెండు దశాబ్దాలకు పైగా పోషించారు. ఆయన నుంచి అది ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్ అధికారి జాన్ శాడ్లర్‌కు, ఆయన తదనంతరం అదే తోటకు చెందిన రాబర్ట్ లిండ్సేకు చేరింది. అప్పటికి అది నగరంలో ఒక ప్రముఖ వ్యక్తి స్థాయిని పొందింది. చూడవచ్చినవారి సంతకాల కోసం ప్రత్యేకంగా ఒక పుస్తకం తెరిచారు. 1887 ఆగస్టు 4న అది మరణించేనాటికి, డాలియెల్ తొలి అంచనా సరైనదైతే, దాని వయసు 66 ఏళ్లు.

ఈ ఉదంతాన్ని వింతగా చెప్పి వదిలేయడం పరిపాటి అయినా, అందులో గమనించదగినది ఆయుర్దాయం ఒక్కటే కాదు. ఐదుగురు సంరక్షకుల్లో ఏ ఒక్కరూ తమ ముందువారి పద్ధతిని బాగుచేయడానికి ప్రయత్నించలేదు; జాడీ మారలేదు, తిండి పెరగలేదు, దానికి తోడుగా మరో జీవిని తెచ్చి అదే పాత్రలో పెట్టలేదు. అభిరుచి అనేది సహజంగానే మార్పును కోరుతుంది గనుక, ఇటువంటి సంయమనం ఒక్క మనిషిలోనే అరుదు; వరుసగా ఐదుగురిలో కనిపించడం మరీ అరుదు.

ఎడిన్‌బరోలో ఇలా ఉండగా లండన్‌లో మరో దిశ నుంచి ఇదే సమస్యను ఎదుర్కొన్నారు. ఎడిన్‌బరోకు సముద్రం చేరువలోనే ఉంది, లండన్‌కు దూరం. 1846లో టార్కీ తీరం నుంచి ఏన్ థిన్ అనే మహిళ మాడ్రిపోర్లను, అంటే ఎనిమోన్‌కు దగ్గరి బంధువులైన ఒంటరి పగడాలను, లండన్‌లోని తన ఇంటికి తెచ్చారు. ఆమె భర్త వెస్ట్‌మినిస్టర్ అబే చర్చిలో ఉన్నతాధికారి. తెచ్చిన సముద్రపు నీరు పరిమితం కాబట్టి దానినే తిరిగి వాడక తప్పలేదు. అందుకోసం తెరిచిన కిటికీ దగ్గర ఆ నీటిని ఒక పాత్రలో నుంచి మరో పాత్రలోకి ఎత్తి పోస్తూ, రోజూ అరగంటకు పైగా గాలి ఆడించే పనిని ఇంటి పనిమనిషికి అప్పగించారు. నీటిని మోసే శ్రమ ఇక్కడ నీటిని పోసే శ్రమగా మారింది. చేసిన మనిషి పేరు ఇక్కడా మిగలలేదు. మరుసటి సంవత్సరం ఏన్ థిన్ సముద్రపు మొక్కలను కూడా పాత్రల్లో చేర్చారు. సజీవ పగడాలను సముద్రతీరానికి దూరంగా సంవత్సరాల పాటు నిలబెట్టిన తొలి ఇంటి తొట్టె అదేనని చెప్పడానికి తగిన ఆధారాలున్నాయి.

ఆ శ్రమను మనుషుల నుంచి మొక్కలకు బదిలీ చేయవచ్చునన్న సిద్ధాంతాన్ని ప్రకటించినది రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్. ఒక గాజు పాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను, కుళ్లిన ఆకులను తినే నత్తలను కలిపి ఉంచితే, చేప విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క పీల్చుకొని ప్రాణవాయువును తిరిగి ఇస్తుందని, అందువల్ల నీరు మార్చే పనే ఉండదని ఆయన 1850లో లండన్ కెమికల్ సొసైటీకి నివేదించారు. కొద్దికాలానికే ఈ ప్రయోగాన్ని ఉప్పునీటికి విస్తరించారు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాల ప్రజల కోసం జలచరాల భవనాన్ని తెరిచింది. 1845లో ప్రభుత్వం గాజు మీద పన్నును రద్దు చేయడంతో పెద్ద గాజు పలకలు చౌకగా దొరకడం, రైలు మార్గాలు తీరపట్టణాలను నగరాలకు కలపడం, ఈ రెండూ కలిసి వచ్చిన ఆ దశాబ్దంలో ఉప్పునీటి తొట్టె మధ్యతరగతి ఇళ్ల హాళ్లలోకి ప్రవేశించింది.

ఆ ప్రవేశానికి ప్రధాన సారథి ఫిలిప్ హెన్రీ గాస్. డెవన్ తీరపు రాళ్ల గుంటల్లోని జీవుల గురించి 1853లో, తొట్టెల నిర్వహణ గురించి 1854లో ఆయన రాసిన పుస్తకాలు విరివిగా అమ్ముడుపోయాయి. 1860లో పూర్తి చేసిన ఆక్టినోలోజియా బ్రిటానికా అనే గ్రంథం బ్రిటన్ ఎనిమోన్లను రంగుల చిత్రాలతో జాతులవారీగా వర్ణించింది. డ్రెస్డెన్ నగరంలో గాజు కళాకారుడు లియోపోల్డ్ బ్లాష్కా ఈ చిత్రాల ఆధారంగానే గాజు ఎనిమోన్లను తయారు చేసి ప్రదర్శనశాలలకు అమ్మారు. నిజమైన ఎనిమోన్‌ను బతికించలేని సంస్థలు గాజుదానిని కొనుక్కున్నాయి. నిర్వహణ సమస్యకు అదొక పరిష్కారమే.

గాస్ చేసిన పనుల్లో పెంపకానికి అత్యంత ఉపయోగపడినది 1854లో ఆయన ప్రకటించిన కృత్రిమ సముద్రపు నీటి సూత్రం. నాలుగున్నర లీటర్లకు కొంచెం తక్కువ నీటిలో సుమారు 100 గ్రాముల వంట ఉప్పు, 7 గ్రాముల ఎప్సమ్ సాల్ట్, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలపాలన్నది దాని సారాంశం. ముందుగా సముద్రపు మొక్కలను వేసి, కొన్నాళ్లు గడిచాక మాత్రమే జంతువులను దించాలన్న జాగ్రత్తను కూడా ఆయన చెప్పారు. అసలు సముద్రపు నీటిలో చిన్న మోతాదులో ఉండే ఇతర పదార్థాలను, ముఖ్యంగా సున్నపు లవణాలను, ఆయన వదిలిపెట్టారు. సున్నపు అస్థిపంజరాన్ని కట్టుకునే పగడానికి ఈ లోపం భరించరానిది. అస్థిపంజరమే లేని ఎనిమోన్ దీనిని కొంతవరకు ఓర్చుకుంది. తీరానికి వందల మైళ్ల దూరంలో ఉన్నవారికి కూడా ఈ సూత్రం తలుపు తెరిచింది.

ఆ తలుపు గుండా వచ్చిన గుంపు మాత్రం తీరాలకు మేలు చేయలేదు. ఎనిమోన్లను, మొక్కలను, ఉప్పునీటిని, తొట్టెలను అన్నిటినీ ఒకేచోట అమ్మే దుకాణాన్ని విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ లండన్‌లో నడిపారు. ఉలి, సుత్తి పట్టుకొని రాళ్ల నుంచి ఎనిమోన్లను పెకలించే సెలవుదినపు విహారులు డెవన్ తీరమంతా వ్యాపించారు. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రచురించిన జ్ఞాపకాల గ్రంథంలో, తన తండ్రి వర్ణించిన నీటి గుంటలు ఆ పుస్తకాలు చదివి వచ్చినవారి చేతుల్లోనే ఖాళీ అయిపోయాయని, తండ్రి దీనికి ఎంతో వేదన చెందారని రాశారు. ఇళ్లకు చేరిన ఎనిమోన్లలో అత్యధిక భాగం కొద్ది వారాలు కూడా నిలవలేదు. 1860ల మధ్యకు వచ్చేసరికి ఆ వ్యామోహం చల్లారి, ఖాళీ తొట్టెలు అటక ఎక్కాయి.

వైఫల్యానికి కారణం శ్రద్ధ లేకపోవడమేనని ఆనాటివారు ఒకరినొకరు నిందించుకున్నా, అసలు లోటు జ్ఞానానిది. వారింగ్‌టన్ చెప్పిన సమతుల్యత వాయువుల లెక్కకు సరిపోయింది గాని, జంతువులు విసర్జించే అమ్మోనియా లెక్క అందులో లేనే లేదు. నీటిలో చేరిన అమ్మోనియాను నైట్రైట్‌గాను, దానిని నైట్రేట్‌గాను మార్చే బాక్టీరియాల పనిని సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించేవరకు ఈ మార్పు జీవుల వల్ల ఎలా జరుగుతోందో స్పష్టం కాలేదు. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియాలు తగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో అమ్మోనియా విషమై జీవులను చంపుతుంది. విక్టోరియా కాలపు గృహస్థుడు తొట్టెను నింపిన కొన్ని రోజులకే డజను ఎనిమోన్లను, పీతలను, చేపలను అందులో వదిలేవాడు. మొదట ఒకటి చచ్చి కుళ్లితే మిగిలినవాటికి అదే మృత్యుహేతువయ్యేది. గ్రానీ జాడీలో ఒక్క జీవి మాత్రమే ఉండడం, నీరు మొత్తంగా మారుతూ ఉండడం వల్ల ఈ ప్రమాదం దాపురించలేదు. పైగా అది ఆటుపోట్ల మధ్య తీరంలో బతికే జాతి. రోజుకు రెండుసార్లు నీటి వెలుపల ఎండకు, వానకు, చలికి తట్టుకొనే జీవికి జాడీలోని ఒడిదొడుకులు పెద్ద కష్టం కాలేదు. డాలియెల్ ఎంపిక సగం పని చేసిపెట్టిందనక తప్పదు.

దుకాణం దెబ్బతిన్న తరువాత లాయిడ్ పెద్ద ప్రదర్శనశాలల నిర్మాతగా మారి, 1864లో హాంబర్గ్‌లో, 1871లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లో జలచరశాలలను నిలబెట్టారు. ప్రదర్శన తొట్టెల కంటె ఎన్నోరెట్లు పెద్దవైన చీకటి భూగర్భ జలాశయాలలో నీటిని ఉంచి, దానిని నిరంతరం తొట్టెల గుండా తిప్పుతూ ఉండడం ఆయన పద్ధతి. చీకటిలో పాచి పెరగదు, నేల కింద నీరు చల్లగా ఉంటుంది, ఎక్కువ నీటిలో మలినం పలచబడుతుంది. నేటి ఇంటి తొట్టె కింద అలమరలో దాగి ఉండే 'సంప్' అనే రెండో తొట్టె ఈ ఆలోచనకే చిన్న రూపం. ఇటలీలోని నేపుల్స్‌లో 1870లలో ఆంటన్ డోర్న్ స్థాపించిన సముద్ర పరిశోధన కేంద్రపు తొట్టెల రూపకల్పనలో కూడా లాయిడ్ సలహా ఉంది.

ఎనిమోన్ పోషణకు సంబంధించిన తరువాతి మలుపు ఆ కేంద్రంతో ముడిపడినదే. కొన్ని ఎనిమోన్ల కణజాలంలో పసుపుపచ్చని సూక్ష్మకణాలు కనిపిస్తాయి. అవి ఎనిమోన్ సొంత అంగాలు కావని, దాని దేహంలో కాపురముంటున్న ఏకకణ శైవలాలని, అంటే పాచి జాతి సూక్ష్మ మొక్కలని, జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ బ్రాంట్ 1881లో ప్రతిపాదించి, వాటికి జూక్సాంథెల్లా అని పేరు పెట్టారు. అదే సమయంలో నేపుల్స్‌లో పనిచేసిన స్కాట్లండ్ యువకుడు పాట్రిక్ గెడిస్, అటువంటి ఎనిమోన్లను ఎండలో పెట్టి అవి వెలువరించే వాయువును సేకరించి, అందులో ప్రాణవాయువు ఉందని 1882లో ప్రకటించారు. అంటే వారింగ్‌టన్ తొట్టెలో జంతువు పక్కన వేరుగా ఉంచిన మొక్క, ఈ జాతుల్లో జంతువు దేహంలోనే కూర్చుని ఉందన్నమాట. ఆ శైవలాలు కాంతిని గ్రహించి తయారు చేసే చక్కెరలో పెద్ద భాగం ఎనిమోన్‌కే అందుతుంది గనుక, ఉష్ణమండలపు ఎనిమోన్‌కు వెలుతురు కూడా ఆహారమే. చీకటి గదిలో ఉంచితే అది శైవలాలను కోల్పోయి తెల్లబారి, మెల్లగా కృశిస్తుంది. ఈ నిజం ప్రయోగశాలల్లో తేలిన నూరేళ్లకు గాని ఇంటి తొట్టెల ఆచరణలోకి రాకపోవడం విచిత్రం. ఈ గెడిస్ తరువాతి జీవితంలో వృక్షశాస్త్రం నుంచి నగర ప్రణాళికకు మారి భారతదేశంలో చాలా ఏళ్లు గడిపారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తగిన స్థలాలను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించినది ఆయనే. ఆ ప్రాంగణంలో జంతుశాస్త్రం చదివిన వేలాది విద్యార్థుల్లో, స్థలాన్ని సూచించిన మనిషికి ఎనిమోన్లతో ఉన్న ఈ సంబంధం ఎందరికి తెలుసునో.

ఉష్ణమండలపు పెద్ద ఎనిమోన్ల స్పర్శకాల మధ్య చేపలు కుట్టించుకోకుండా తిరగడాన్ని కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ చైనా సముద్రంలో చూసి 1868లో వర్ణించారు. బ్రైటన్, మాంచెస్టర్ జలచరశాలల్లో పనిచేసి ఆస్ట్రేలియా వెళ్లిన విలియం సావిల్‌కెంట్ 1893లో గ్రేట్ బారియర్ రీఫ్ గురించి రాసిన గ్రంథంలో ఈ జంటలను చిత్రించారు. నేడు క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చేవిగా సంప్రదాయంగా లెక్కించే ఎనిమోన్ జాతులు పది. అయితే వీటిని వేల మైళ్ల దూరంలోని ఇళ్లకు సజీవంగా చేర్చే మార్గం విమానయానం పెరిగేవరకు ఏర్పడలేదు.

భారతదేశంలో సముద్రజీవులను ప్రజలకు సజీవంగా చూపించిన తొలి సంస్థ మద్రాసు మెరీనా తీరాన 1909లో తెరిచిన జలచరశాల. తెలుగు జిల్లాలకు అప్పటి రాజధాని మద్రాసే కాబట్టి, చదువుకో, వ్యాజ్యానికో వెళ్లిన తెలుగువారికి కూడా అది చూడదగిన వింత. సముద్రం ఎదుటే ఉన్నందున అక్కడ నీటి సమస్య తేలికైనదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది. ఇక కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు 1916లో తొలి సంచాలకుడైన నెల్సన్ ఆనందేల్ ఉప్పుటేరుల, చిలకా సరస్సు జీవుల అధ్యయనానికి ప్రసిద్ధుడు. ఎడిన్‌బరో వాసి అయిన ఆయన అంతకు ముందే, 1904లో, జేమ్స్ ఆష్‌వర్త్‌తో కలిసి ఎనిమోన్ల ఆయుర్దాయం మీద ఒక వ్యాసం ప్రకటించారు. అందులో మరో గుంపు ఎనిమోన్ల ప్రస్తావన ఉంది. 1862కు కొన్నేళ్ల ముందు స్కాట్లండ్‌లోని అరాన్ దీవిలో సేకరించిన ఆ ఎనిమోన్లను ఎడిన్‌బరోలో ఒక మహిళ తన ఇంట పోషించారు. తరువాత విశ్వవిద్యాలయానికి చేరిన ఆ గుంపు 1940ల తొలి సంవత్సరాల వరకు బతికి, ఏ క్షీణతా కనబరచకుండానే ఒక్కసారిగా చనిపోయింది. వాటి వయసు 80 ఏళ్లు దాటింది. గ్రానీ రికార్డును బద్దలుకొట్టినవి అదే నగరానికి చెందినవి కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఇరవయ్యో శతాబ్దపు ఇంటి తొట్టెలో ఎనిమోన్ చాలాకాలం అతిథిగానే మిగిలింది, అదీ అల్పాయువైన అతిథి. ఇనుప చట్రాల తొట్టెలు ఉప్పునీటికి తుప్పుపట్టి లోహాలను నీటిలోకి వదిలేవి. చేపల రోగాలకు వాడే రాగి మందు చేపను బతికించి ఎనిమోన్‌ను చంపేది. ఈ రెండింటినీ ఒకే తొట్టెలో ఉంచినవారికి ఇది అనుభవంలోనే తెలిసింది. సిలికోన్ జిగురుతో గాజు పలకలను నేరుగా అతికించే పద్ధతి 1960లలో వచ్చాక చట్రం బాధ తీరింది. 1964లో అమెరికాలో ఇన్‌స్టంట్ ఓషన్ అనే పేరుతో తయారైన సముద్రపు ఉప్పు మిశ్రమం గాస్ వదిలేసిన సున్నపు లవణాలతో సహా అనేక పదార్థాలను సంచిలోనే కలిపి ఇచ్చింది.

ఇంతకంటె మౌలికమైన ఆలోచన ఇండోనేషియా నుంచి వచ్చింది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రం నుంచి తెచ్చిన రంధ్రాల రాళ్లను, వాటిమీది జీవజాలంతో సహా తొట్టెలో పేర్చి, సన్నని గాలి బుడగలు, ఎండ తప్ప మరే సాధనమూ లేకుండా పగడాలను, ఎనిమోన్లను పోషించే విధానాన్ని 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించారు. ఆ రాళ్ల లోపలి పొరల్లోని బాక్టీరియాలు అమ్మోనియాను, నైట్రేట్‌ను కూడా విరిచేస్తాయి. డాలియెల్ కూలీ పని, ఏన్ థిన్ పనిమనిషి పని ఇప్పుడు రాయికి అప్పగింతయింది. శీతల దేశాలవారు తమకు అలవాటైన యంత్రాల మీది నమ్మకంతో దీనిని చాలాకాలం పట్టించుకోలేదు. జర్మనీలో ఈ రాళ్లకు తోడుగా ప్రోటీన్ స్కిమ్మర్‌ను, అంటే నురగతో పాటు సేంద్రియ మలినాలను పైకి లాగి తీసేసే పరికరాన్ని చేర్చడం, 1980లలో మెటల్ హాలైడ్ అనే ప్రకాశవంతమైన దీపాలు రావడం జరిగాకనే ఉష్ణమండలపు ఎనిమోన్‌కు గెడిస్ గుర్తించిన వెలుతురు ఆహారం ఇళ్లలో అందింది.

వ్యాపారం మాత్రం ఈ జ్ఞానానికి ఎప్పుడూ వెనకే నడిచింది. ప్రయాణంలో శైవలాలను కోల్పోయి తెల్లబడిన ఎనిమోన్లకు పసుపు, గులాబీ, ఊదా రంగులు అద్ది అమ్మిన కాలం ఒకటుంది. కొన్నవాడికి అది అపురూపంగా తోచేది, నిజానికి అది రోగి. ఫిలిప్పీన్స్‌లో సేకరణ ఒత్తిడి ఉన్న పగడపు దిబ్బల మీద ఎనిమోన్లు, వాటి క్లౌన్ చేపలు రెండూ తగ్గినట్లు 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. డెవన్ తీరపు అనుభవం అక్కడ ఉలి, సుత్తి లేకుండానే పునరావృతమైంది.

ఈ పూర్వచరిత్ర తెలిసినవారికి నేటి ఆచరణలోని నియమాలు కొత్తగా కనిపించవు. తొట్టె నింపిన వెంటనే ఎనిమోన్‌ను తేకుండా కొన్ని నెలలు ఆగడం, లవణీయతను లీటరుకు 35 గ్రాముల దగ్గర, ఉష్ణమండల జాతులకు వేడిమిని 25 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కదలకుండా నిలపడం, కొన్నేటప్పుడు పాదం చిరగని దానిని, నోరు బిగువుగా మూసుకున్న దానిని ఎంచుకోవడం, చిన్న ముక్కలను అరుదుగా తినిపించడం వీటిలో ముఖ్యమైనవి. కొత్త ప్రమాదం ఒక్కటే చేరింది. తనకు నచ్చిన ప్రవాహం, వెలుతురు దొరికేదాకా ఎనిమోన్ పాదంతో పాకుతూ స్థలం మారుస్తుంది. ఆ నడకలో పంపు రెక్కల్లో చిక్కుకుంటే అది ఛిద్రమై తొట్టెలోని అన్ని ప్రాణులనూ విషమయం చేస్తుంది. అందుకే పంపుల నోళ్లకు స్పాంజి తొడుగులు వేస్తారు.

బబుల్ టిప్ అని పిలిచే ఎంటాక్మియా క్వాడ్రికలర్ జాతి తొట్టెల్లోనే రెండుగా చీలి పెరుగుతుంది గనుక, ఇప్పుడు చేతులు మారే ఎనిమోన్లలో అనేకం సముద్రాన్ని ఎన్నడూ చూడనివే. ఒక ఇంట చీలిన సగం మరొక ఇంటికి, అక్కడ చీలినది ఇంకొక ఇంటికి పోతుంది; వాటి మూలజీవి ఏ దిబ్బ నుంచి ఏ సంవత్సరంలో వచ్చిందో చాలాసార్లు అమ్మేవారికే తెలియదు. విశాఖ తీరంలో పోటు తీసినప్పుడు రాళ్ల గుంటల్లో ఎనిమోన్లు నేటికీ కనిపిస్తాయి. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదు ఇళ్లలో మాత్రం మునిసిపల్ నీటిని ఆర్‌వో యంత్రంలో వడగట్టి, సంచుల్లో వచ్చే ఉప్పును తూచి కలిపి, వారానికో పక్షానికో తొట్టెలో కొంత భాగం నీటిని మారుస్తారు. వడపోతలు, స్కిమ్మర్లు, రాళ్లు అన్నీ తమ పని తాము చేస్తున్నా, ఆ బకెట్ మోసే పని ఇంకా మనిషిదే.